ఆశాజ్యోతి రెండో పేజీ

అక్టోబరు రెండో శనివారం, పదకొండు గంటల వేళ, ప్రసన్నకుమారి టీచరు తన నోటితో తానే "తీసెయ్యి" అంది. అన్నది ఒక్క మాట. ఆ మాటతో ఏం పోయిందో ఆమెకు తెలియడానికి ఐదు వారాలు పట్టింది.

ఆ రోజు ఇంటికి వచ్చినవాడు కిరణ్ కుమార్. నరసాపురంలో అతనికి కంప్యూటర్ల షాపుంది. పద్దెనిమిదేళ్ళ కిందట హైస్కూల్లో ఆమె దగ్గరే లెక్కలు చదువుకున్నాడు. చదువుకోలేదని అతనే చెప్పుకుంటాడు.

"మీరు వేసిన సున్నాలన్నీ పోగేసుకుని షాపు పెట్టానండి టీచరుగారు. కంప్యూటరుకి కావలసింది సున్నాలూ ఒకట్లే కదండి. ఒకట్లు పక్కబెంచీవాడి దగ్గర తెచ్చుకున్నాను" అన్నాడు గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

"అవి కూడా చూసి రాసినవేలే" అంది ఆమె.

ముందుగదిలో బల్ల మీద కంప్యూటరు ఉంది. దాని మీద అంచుకు లేసు కుట్టిన తెల్లగుడ్డ కప్పి ఉంది. ఫిబ్రవరిలో ఆమె భర్త అబ్రహాము మాస్టారు పోయిన మర్నాడు కప్పిన గుడ్డ అది. అవసరం వస్తే ఒక పక్కకు మడిచి, నిలబడే పని చేసుకుని, మళ్ళీ కప్పేది ఆమె. మాస్టారి కుర్చీలో కూర్చునేది కాదు.

స్కూల్లో పిల్లల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే పని ఆమెది. ఆ కంప్యూటరు మీద ఆ పేజీ తెరుచుకోవడం మానేసింది. అదీగాక రోజూ పొద్దున్నే తెర మీద ఒక హెచ్చరిక వస్తోంది. పాత విండోస్‌కి అక్టోబరు పద్నాలుగుతో సపోర్టు ఆగిపోతుందట.

"నడవడం నడుస్తుందండి. జబ్బు చేస్తే మందుండదు, అంతే" అన్నాడు కిరణ్. "కొత్త విండోస్ వేద్దామంటే ఈ డబ్బా దాన్ని మొయ్యలేదు. మీకు వేరే డబ్బా తెచ్చాను. ఇందులోవి ఏం కావాలో చూపిస్తే దాంట్లోకి ఎక్కించేసి, పాతది పట్టుకెళ్ళిపోతాను."

పాత కంప్యూటరులోంచి హార్డ్‌డిస్కు తీసి కొత్తదానికి తగిలించాడు. ఫోటోలు కావాలంది. స్కూలు కాగితాలు కావాలంది. తర్వాత ఒక ఫోల్డరు వచ్చింది. అందులో రెండు వందల దాకా ఫైళ్ళున్నాయి. ఒకటి తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, కింద తోకలు, మధ్యమధ్య ఏ భాషలోనూ లేని గుర్తులు. ఇంకొకటి తెరిచాడు. అదీ అంతే.

"ఇవేంటండి? వైరస్ పట్టినట్టుంది. దీంట్లోకి ఎక్కిస్తే దీనికీ అంటుకుంటుంది" అన్నాడు.

"మాస్టారు ఇంగ్లీషులో రాయడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన రాతలన్నీ తెలుగే. అవి పెన్‌డ్రైవులో ఉన్నాయి, నేను జాగ్రత్త చేశాను. ఇవి ఆయనవి కావు" అంది. అని, తెర మీంచి చూపు తిప్పుకుని, "తీసెయ్యి" అంది.

పెన్‌డ్రైవు మాట నిజమే అనుకుంది. మాస్టారు కంప్యూటరు వెనక ఎప్పుడూ ఆకుపచ్చ రంగుది ఒకటి గుచ్చి ఉంచేవారు. గది ఊడ్చేటప్పుడు చీపురు తగిలితే, "అది జాగ్రత్త ప్రసన్నా, అది లేకపోతే నాకు తెలుగు రాదు" అనేవారు. నవ్వులాటకు అంటున్నారనుకునేది. ఆయన పోయాక దాన్ని తీసి చేతిరుమాల్లో చుట్టి, బీరువాలో బైబిలు పక్కన పెట్టింది.

కిరణ్ పాత డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు.

*

ఆ ఊళ్ళో క్రైస్తవుల పేటలో ఒక ఆచారముంది. ఎవరైనా పోతే, శవపెట్టె మూత వెయ్యబోయే ముందు ఆ మనిషి గురించి రాసిన కాగితం చదువుతారు. చదివాక దాన్ని మడిచి, పోయినవారి చేతుల కింద పెట్టి మూత వేస్తారు. దేవుడి దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్ళకూడదని ముసలమ్మలు చెబుతారు. అందుకని ఆ కాగితానికి నకలు ఎవరింట్లోనూ ఉండదు. ఉంచుకోవడం మంచిది కాదంటారు.

మాస్టారు ఆ ఊరికి తెలుగు పండితుడిగా రాకముందు ఆ కాగితం నాలుగు వాక్యాలుండేది. ఎప్పుడు పుట్టిందీ, ఎప్పుడు బాప్తిస్మం పొందిందీ, ఎవర్ని పెళ్ళి చేసుకుందీ, ఎప్పుడు పోయిందీ. ఆయన వచ్చాక అది ఒక పేజీ అయింది, తర్వాత రెండు పేజీలయింది. ఎవరి ఇంట చావు జరిగినా ఆయన వెళ్ళి చాప మీద కూర్చునేవారు. ఏం తినేవాడు, ఎవరితో పడేది కాదు, వరి ఊడ్పుల్లో ఏం పాట పాడేది అని అడిగేవారు. ఆసుపత్రిలో పోయినవాళ్ళయితే ఆసుపత్రికి వెళ్ళి అక్కడివాళ్ళనూ అడిగి, జబ్బు పేరు సరిగ్గా రాసుకొచ్చేవారు. పొగడడం ఆయనకు రాదు. తాగుబోతు పోతే "తాగేవాడు. తాగని రోజున తల్లిని వీపు మీద ఎక్కించుకుని చర్చికి తెచ్చేవాడు" అని రాశారు. అది విని ఆ తల్లి తల ఊపింది.

కాగితాలు మట్టిలోకి పోయినా, అవన్నీ కంప్యూటరులో ఉన్నాయి. ఇరవై మూడేళ్ళవి.

మాస్టారికి మాత్రం కాగితం లేకపోయింది. రాసేవాళ్ళు లేక పాస్టరుగారు నోటితో నాలుగు మాటలు చెప్పారు.

*

నవంబరు మూడో ఆదివారం ఆరాధన అయ్యాక రూబీ ఇంటికి వచ్చింది. ఆ పేటలోనే పుట్టిన పిల్ల. ఇప్పుడు భీమవరంలో రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు. భర్త ఫిన్నీ అక్కడే ఎలక్ట్రీషియను. ఎనిమిదో నెల కడుపుతో మెల్లగా మెట్లెక్కి, "వందనాలండి టీచరుగారు" అని వరండాలో కుర్చీలో కూర్చుంది.

"ఒక్కదానివే వచ్చావా?"

"ఫిన్నీ బండి నీడలో పెడుతున్నాడండి. లోపలికి రమ్మంటే సిగ్గు. చిన్నప్పుడు మీరు గోడకుర్చీ వేయించారంట."

"వేయించే ఉంటాను. కూర్చోమను, ఇప్పుడు మామూలు కుర్చీయే ఇస్తాను."

రూబీ నవ్వింది. తర్వాత చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చిన పని చెప్పింది. ఆమె తల్లి ఆశాజ్యోతి రెండో కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. అప్పటికి రూబీకి నాలుగేళ్ళు. తండ్రి బుల్లియ్య ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా పోయాడు. పెంచిన నాయనమ్మ కిందటేడు పోయింది.

"నాకు బీపీ కొంచెం ఎక్కువ చూపిస్తోందండి. డాక్టరుగారు మీ అమ్మ దేనివల్ల పోయిందని అడిగారు. నెత్తురు పోయిందా, ఫిట్సు వచ్చాయా, గుండె జబ్బేమైనా ఉందా అని. అది తెలిస్తే ముందే జాగ్రత్తపడొచ్చంట. నాకేం తెలుసండి? పేటలో అడిగితే ఒకావిడ వాతం కమ్మిందంటారు, ఒకావిడ నెత్తురు ఆగలేదంటారు. నాయనమ్మని అడిగినప్పుడల్లా దేవుడు పిలిచాడనేది. మాస్టారు రాసిందాంట్లో ఉంటది కదండి."

"ఉంటుంది" అంది ప్రసన్నకుమారి.

"నేను టెన్త్‌లో ఉండగా ఇమ్మని అడిగానండి. కాగితమైతే పారేసుకుంటావు, కంప్యూటర్లో ఉంటే చెద పట్టదు, నీకు మీ అమ్మ వయసొచ్చాక రా, ఇస్తానన్నారు. నాకు మొన్న ఇరవై నాలుగు నిండాయండి."

ప్రసన్నకుమారి వెతికి పెడతానంది. ఫిన్నీకి మజ్జిగ ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక బీరువా తెరిచి చేతిరుమాలు విప్పి, ఆ ఆకుపచ్చ ముక్కను కొత్త కంప్యూటరుకు గుచ్చింది. ఏమీ రాలేదు. తీసి మళ్ళీ గుచ్చింది. కిరణ్‌కి ఫోన్ చేసింది.

కిరణ్ సాయంత్రానికి వచ్చాడు. దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పెన్‌డ్రైవు కాదండి."

"మరి?"

"తాళమండి. పాతకాలం తెలుగు సాఫ్ట్‌వేర్లకి ఇలాంటిది ఇచ్చేవారంట. ఇది గుచ్చితేనే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. దీంట్లో ఏమీ దాచుకోడానికి ఉండదు."

"అయితే ఆయన రాసినవి ఎక్కడున్నాయి?"

కిరణ్ తాళాన్ని బల్ల మీద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూడకుండా తెర వైపు చూశాడు. ఆమె లెక్కల టీచరు. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు వేసుకుంటూ పోవడమే ఆమె చదువు. రెండు నిమిషాల్లో తానే అక్కడికి చేరుకుంది.

"ఆ రోజు మనం చూసిన పిచ్చి అక్షరాలు" అంది.

"అవేనండి. ఆ సాఫ్ట్‌వేర్ ఉంటే తెలుగులా కనబడతాయి. లేకపోతే అలా కనబడతాయి. నాకు తెలిసి ఉండాలండి. ఫోన్లో కొట్టే తెలుగు తప్ప నేను వేరే తెలుగు చూడలేదు."

"తెలియాల్సింది నాకు. ముప్ఫై ఏళ్ళు పక్కగదిలో ఉన్నాను."

తాళంచెవిని బైబిలు పక్కన దాచుకుని, ఇల్లు కూలగొట్టించుకుంది. కిరణ్ వెళ్ళాక చాలాసేపు వరండాలో కూర్చుని ఆ శనివారాన్ని మొదటినుంచి గుర్తు చేసుకుంది. వైరస్ భయంతో అలా అనలేదని ఆమెకు తెలుసు. ఫైళ్ళు రెండు వందలున్నాయి. రెండే తెరిచారు. ఇంకొక పది తెరిపించి ఉంటే, ఫోల్డరు పేరేమిటో అడిగి ఉంటే, ఎవరినైనా కనుక్కుందాం ఆగు అని ఉంటే సరిపోయేది. ఆగలేకపోయింది. ఆ కుర్చీ పక్కన అంతసేపు నిలబడడం ఆమెవల్ల కాలేదు. పని తొందరగా అయిపోవాలనుకుంది.

మర్నాడు రూబీ ఫోన్ చేసింది.

"కంపెనీవాళ్ళు పాతదానికి సపోర్టు ఆపేశారమ్మా. మాస్టారు రాసినవి కొత్త కంప్యూటర్లో తెరుచుకోవు. చూస్తున్నాం" అంది ప్రసన్నకుమారి.

"సరేనండి. మీరు శ్రమపడకండి" అంది రూబీ.

ఫోను పెట్టేశాక తను అన్న మాటల్ని మళ్ళీ చూసుకుంది. ఏ వాక్యంలోనూ తప్పు లేదు. ప్రతి మెట్టూ సరిగ్గా వేసి చివర తప్పు జవాబు రాసే పిల్లల్ని ఆమె చాలామందిని చూసింది. వాళ్ళకు తను ఎన్ని మార్కులు వేసేదో గుర్తొచ్చింది.

*

పాత హార్డ్‌డిస్కు ఎక్కడుందని అడిగితే కిరణ్ మెడ రుద్దుకున్నాడు. మొగల్తూరు రోడ్డులో గణేష్‌బాబుగారి రొయ్యల మేత గొడౌనుకి సీసీ కెమెరాలు పెట్టాడు. వాటి పెట్టెలో ఈ డిస్కు వేశాడు. ఐదు వారాలుగా అది గొడౌను గేటుని రాత్రింబవళ్ళు తన మీద రాసుకుంటూ ఉంది.

ఇద్దరూ వెళ్ళారు. గణేష్‌బాబు మేత బస్తాల పక్కన కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. సంగతి విని కిరణ్ వైపు తిరిగాడు.

"ఏంట్రా కిరణూ, కొత్త డిస్కని చెప్పావు?"

"కొత్తదనలేదండి. మంచిదన్నాను."

"మంచిదే. రేపు దొంగ వస్తే వాడి మొహం కనబడుతుందా, మాస్టారి వ్యాసాలు కనబడతాయా?"

"వ్యాసం చదివితే దొంగ పారిపోతాడు లెండి."

"నువ్వు బళ్ళోంచి పారిపోయినట్టు." గణేష్‌బాబు ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పట్టుకెళ్ళండి టీచరుగారు. మా చంద్రరావు పోయినప్పుడు నేనూ వచ్చాను సమాధులకాడికి. మాస్టారు చదివింది విన్నాను. వాడికి ఈత రాదని అప్పుడు తెలిసిందండి నాకు. పన్నెండేళ్ళు నా చెరువుల మీద పడవేసుకుని మేత జల్లాడు. నేనెప్పుడూ అడగలేదు, వాడెప్పుడూ చెప్పలేదు."

"ఆయనకెలా తెలిసిందో" అంది ఆమె.

"అడిగి ఉంటారండి" అన్నాడు గణేష్‌బాబు.

కిరణ్ షాపులో ఆ డిస్కంతా రెండు రోజులు వెతికాడు. గేటు ముందు ఆగిన లారీల కింద, తూకం వేసే మనుషుల కింద, రాత్రుళ్ళు గోడ మీద నడిచిన పిల్లి కింద మిగిలిన ముక్కల్ని ఏరాడు. పూర్తిగా ఉన్నవి పదకొండు ఫైళ్ళు. సగమో పావో ఉన్నవి ఇరవై ఆరు. ఏది ఎవరిదో తెలియదు. పేర్లు కూడా ఆ పిచ్చి అక్షరాల్లోనే ఉన్నాయి. వాటిని తెరవాలంటే పాత సాఫ్ట్‌వేరు కావాలి. అది ఆ డిస్కుతోనే చెరిగిపోయింది. మాస్టారికి ఆ సాఫ్ట్‌వేరు వేసిపెట్టిన మనిషి రాజమండ్రిలో ఉన్నాడని, పేరు జగన్నాథరావని, ఆమెకు గుర్తుంది. ఏటా సంఘం పండుగ కరపత్రాలు అక్కడే అచ్చు వేయించేవారు.

*

సిద్ధాంతం వంతెన దాటి, రావులపాలెం మీదుగా ఇద్దరూ రాజమండ్రి చేరేసరికి పదయింది. కోటగుమ్మం దగ్గర ఒక సన్నటి సందులో షాపు. బయట శుభలేఖల నమూనాలు వేలాడుతున్నాయి. జగన్నాథరావుగారికి డెబ్భై దాటాయి. మాస్టారి సంగతి విని కళ్ళజోడు తీసి కాసేపు తుడుచుకున్నారు.

"నాకెవరూ చెప్పలేదమ్మా. క్రిస్మస్ కరపత్రం కోసం ఇంకా రాలేదేంటా అనుకుంటున్నాను."

మూలగా, బట్ట కప్పిన బల్ల మీద ఒక కంప్యూటరు ఉంది. తెర కింద చేత్తో రాసిన చీటీ అంటించారు. 'దీనికి ఇంటర్నెట్ పెట్టరాదు.'

కిరణ్ దాన్ని చూసి, "ఇది ఇంకా నడుస్తోందాండి? దీనికి సపోర్టు పోయి పదకొండేళ్ళయింది" అన్నాడు.

"నా మోకాళ్ళకి సపోర్టు పోయి పదిహేనేళ్ళయింది. ఇద్దరం నడుస్తూనే ఉన్నాం" అన్నారు జగన్నాథరావుగారు. "దీన్ని ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని బయటికెళ్ళినా ఆపను. మా ఆవిడ నన్ను కూడా అలాగే చూసుకుంటోంది."

మాస్టారి తాళాన్ని వెనక గుచ్చారు. మొదటి ఫైలు తెరిచారు. టోపీలూ తోకలూ కనబడలేదు. తెర మీద గుండ్రటి తెలుగు వచ్చింది. 'మన' అనే మాటతో మొదలైంది. ప్రసన్నకుమారి కొంగుతో నోరు మూసుకుంది. మాస్టారు ఎవరి గురించి రాసినా 'మన' అని మొదలుపెట్టేవారు. చుక్క పెట్టాక రెండు ఖాళీలు వదిలేవారు. ఆ ఖాళీలు కూడా ఉన్నాయి.

జగన్నాథరావుగారు ఆమెకు కుర్చీ జరిపారు. ఈసారి ఆమె కూర్చుంది.

ఒక్కొక్కటే తెరిచారు. మన చంద్రరావు సగం ఉన్నాడు. ఎవరో ముసలమ్మ చివరి నాలుగు వాక్యాలు మాత్రమే ఉంది, పేరు లేదు. పంతొమ్మిదోది తెరిచినప్పుడు మన ఆశాజ్యోతి వచ్చింది.

'మన ఆశాజ్యోతి పోయిన వారం దాకా మన మధ్య తిరిగింది.  ఆమెకు ఇరవై నాలుగేళ్ళు.  పుట్టిన తేదీ తల్లికి గుర్తు లేదు, దాళ్వా పంట ఊడ్పులప్పుడు అని చెప్పింది.  ఆరో తరగతి దాకా చదివింది.  మడిని ఒకసారి చూస్తే ఎంతమంది కూలీలు ఏ పొద్దుకి ఊడ్చగలరో చెప్పేది, తప్పేది కాదు.  గట్టిగా నవ్వేది.  ప్రార్థనలో నవ్వినందుకు ఆమెను రెండుసార్లు బయటికి పంపించారు.  పంపించినవారిలో నేనొకణ్ణి.  బయట నిలబడి కూడా నవ్వింది.  బుల్లియ్యతో పెళ్ళయ్యాక ఇంట్లో గోడకు తానే సున్నం వేసుకుంది.  కూతురికి చందమామను చూపించి అన్నం పెట్టడం ఆమెకు తెలియదు.  బస్సును చూపించి పెట్టేది.  నరసాపురం బస్సు వచ్చేదాకా తల్లీకూతుళ్ళు రోడ్డు పక్కన ముద్ద చేతిలో పట్టుకుని కూర్చునేవారు.  బస్సు ఆలస్యమైతే ముద్ద ఆరిపోయేది.  గురువారం సాయంత్రం మాణిక్యాంబగారి కారులో ఆమెను పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు.  అక్కడ డాక్టరుగారు'

ఆ తర్వాత తెర నిండా నల్లటి గళ్ళు. జగన్నాథరావుగారు కిందికి జరిపారు. గళ్ళే. ఇంకా కిందికి జరిపారు.

"రెండో పేజీ మీద గేటు పడిందండి" అన్నాడు కిరణ్ నెమ్మదిగా.

మిగిలిన ముక్కలు కూడా తెరిచి చూశారు. ఏ ముక్కా దీనికి అతకలేదు. జగన్నాథరావుగారు ఉన్న పేజీని మంచి కాగితం మీద అచ్చు తీసి, మాస్టారు చేయించినట్టే రెండు మడతలు వేసి ఇచ్చారు. మిగతావి కూడా తీరిగ్గా అచ్చు తీసి ఉంచుతానన్నారు. ఈ యంత్రం ఉన్నన్నాళ్ళూ అన్నారు.

*

డిసెంబరు మొదటి ఆదివారం రూబీ వచ్చింది. కాళ్ళకు వాపు వచ్చింది. ప్రసన్నకుమారి ఆమెను లోపల కూర్చోబెట్టి, కాళ్ళ కింద పీట వేసి, కాగితం ఇచ్చింది.

రూబీ మెల్లగా చదివింది. పెదవులు కదిలాయి. చివరికి వచ్చి ఆగి, కాగితం తిరగేసి చూసింది. వెనక ఏమీ లేదు. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నవ్వేదాండీ మా అమ్మ?"

"నాకూ గుర్తుంది. చర్చిలో మూడు బెంచీల అవతలికి వినబడేది."

"నాకెవరూ చెప్పలేదండి. అందరూ పాపం అనేవారు. పాపం ఆశాజ్యోతి, పాపం ఆశాజ్యోతి అని. ఏడుపు మనిషి అనుకున్నాను." రూబీ వేలితో ఆఖరి వాక్యం దగ్గర తట్టింది. "ఇక్కడ ఆగిపోయిందేంటండి? కంపెనీవాళ్ళు ఆపేశారన్నారు, అందుకా?"

తలూపితే సరిపోయేది. కిరణ్ చెప్పడు. జగన్నాథరావుగారికి అసలు సంగతి తెలియదు. ప్రసన్నకుమారి బల్లకు ఆనుకుని నిలబడింది.

"కాదమ్మా. కంపెనీవాళ్ళు ఏమీ చెయ్యలేదు. కంప్యూటరు మార్చేటప్పుడు కిరణ్ అవి నాకు చూపించి ఉంచాలా అని అడిగాడు. నేను సరిగ్గా చూడలేదు. చెత్త అనుకుని తీసెయ్యమన్నాను. పోయిన నెల నీతో ఫోన్లో కంపెనీ మీద పెట్టి చెప్పాను. అది అబద్ధం."

రూబీ కాగితం వైపే చూస్తూ ఉంది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండి."

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు?"

"నువ్వు ఇంకెవరి దగ్గరికో వెళ్ళి ఆ పేజీ అడుగుతావు. ఎక్కడో ఉందనుకుని ఎదురు చూస్తావు. ఎక్కడా లేదు."

రూబీ కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచింది. చేతిసంచిలో పెట్టుకుని, బల్ల పట్టుకుని లేచింది. ప్రసన్నకుమారి చెయ్యి అందించబోయింది. "నేను లేవగలనండి" అంది. వందనాలు చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళింది. ఫిన్నీ మాత్రం బండి దగ్గర్నుంచి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

మూడు రోజులు ఏ కబురూ లేదు. ప్రసన్నకుమారి స్కూలుకి వెళ్ళింది, వచ్చింది. మార్కులు ఎక్కించింది. నాలుగో రోజు స్టాఫ్‌రూమ్‌లో ఉండగా ఫోన్లో మెసేజ్ వచ్చింది. రూబీ పంపింది.

'మాణిక్యాంబగారు ఎక్కడున్నారో కనుక్కుంటారా టీచరుగారు. కారులో ఆవిడ కూడా వెళ్ళారేమో.'

ఆ సాయంత్రమే ఆమె కనుక్కోవడం మొదలుపెట్టింది. ముందు పెద్దాసుపత్రికి వెళ్ళింది. అన్నేళ్ళ కిందటి కాగితాలు ఉంచరని అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. తర్వాత మాణిక్యాంబగారి పాత ఇంటికి వెళ్ళింది. ఆశాజ్యోతి ఊడ్పులకు వెళ్ళింది ఆవిడ పొలాల్లోకే. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. వాళ్ళను అడిగితే, భర్త పోయాక ఆవిడ కోరుకొండలో కూతురి దగ్గర ఉంటోందని చెప్పి, కూతురు హారతి ఫోన్ నంబరిచ్చారు.

హారతి అంతా విని చెప్పింది.

"అమ్మే తీసుకెళ్ళిందండి. అది నాకు తెలుసు. సీటు మీద మరకలు పోలేదని నాన్నగారు విసుక్కుంటే అమ్మ ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. కానీ డాక్టరేం చెప్పారో నాకు తెలీదండి, నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను."

"మరకలంటే నెత్తురా అమ్మా?"

"ఏమోనండి. వాంతులో, నెత్తురో. నేను చూడలేదు. చూడనిది చెప్పకూడదు కదండి."

"అవును, చెప్పకూడదు. అమ్మగారితో ఒకసారి మాట్లాడించగలవా?"

"అమ్మ ఈ మధ్య మనుషుల్ని పోల్చుకోవట్లేదండి. నన్నే పిన్నీ అంటోంది. కానీ వారానికో పదిరోజులకో ఒక పూట బాగుంటుంది. అప్పుడు పాతవన్నీ పేర్లతో సహా చెబుతుంది. అలాంటి పూట వచ్చినప్పుడు మీకు ఫోన్ చేస్తాను. మీరు వెంటనే రాగలరా?"

"వస్తాను" అంది ప్రసన్నకుమారి. హెడ్‌మాస్టరుగారికి ముందే చెప్పి ఉంచింది. కిరణ్ కారు తెస్తానన్నాడు. రూబీకి ఉన్నదున్నట్టు మెసేజ్ పెట్టింది. ఫిట్సని గానీ నెత్తురని గానీ తన ఊహ ఏదీ చేర్చలేదు. రూబీ డాక్టరుగారికి కూడా అలాగే, తెలిసినంతే చెప్పమంది.

రూబీ 'సరేనండి' అని జవాబిచ్చింది.

ప్రసన్నకుమారి ఇప్పుడు మాస్టారి బల్ల దగ్గర, మాస్టారి కుర్చీలోనే కూర్చుంటోంది. ఆయనలా రాయడం ఆమెకు రాదు. అడగడం నేర్చుకుంటోంది. మాణిక్యాంబగారిని అడగవలసినవి ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టుకుంది. ఎన్నింటికి బయల్దేరారు. దారిలో మాట్లాడిందా. స్పృహ ఉందా. డాక్టరు ఏ మాట వాడారు.

డిసెంబరు ఇరవై దాటింది. కోరుకొండ నుంచి ఫోను రాలేదు. రూబీకి కాన్పుకి జనవరి ఆరో తేదీ ఇచ్చారు. ఆశాజ్యోతి రెండో పేజీ ఇంకా రాయవలసే ఉంది.